పగిలిన కిటికీ అద్దం: అతకాలా, మార్చాలా, కిటికీనే పీకెయ్యాలా?

చెన్నైలో కిటికీ అద్దం పగిలిందని నలుగురిని అడిగితే నాలుగు సలహాలొస్తాయి. అద్దాల షాపాయన కొలత చెప్పండి చాలు సాయంత్రానికి బిగించేస్తానంటాడు, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీల కంపెనీ కుర్రాడు కొలత టేపు పట్టుకుని వచ్చి ఈ పాత చెక్క మీద ఇంకా డబ్బులెందుకు తగలేస్తారు సార్ అంటాడు, పెయింటరేమో కాస్త లప్పం పెట్టి ఎనామిల్ కొడితే ఇంకో పదేళ్లు అటు చూడక్కర్లేదని భరోసా ఇస్తాడు. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుంటున్నారు, తప్పు పట్టలేం. నా లెక్క మాత్రం ఒకటే. పగిలింది అద్దమే అయినా, ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సింది దాన్ని పట్టుకున్న చట్రాన్ని చూసి.

పగులు ఎక్కడ మొదలైందో చూడండి ముందు. బంతో రాయో తగిలితే దెబ్బ పడ్డ చోటు నుంచి చుట్టూ గీతలు విచ్చుకుంటాయి, అలాంటిదైతే అద్దం మార్పించుకుని మర్చిపోవచ్చు. ఎవరూ ముట్టుకోకుండానే ఒక మూల నుంచి గీత బయల్దేరి మెల్లగా లోపలికి పాకుతుంటే మాత్రం చట్రమే అద్దాన్ని నొక్కుతోందని అనుమానించాలి. చెక్కదైతే వానలకి ఉబ్బో, రెక్క కుంగి మెలి తిరిగో నొక్కుతుంది. ఇనపదైతే తుప్పు. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ చోటు కోసం అద్దం అంచుని తోస్తుంది. వెస్ట్ మాంబళంలో మా పిన్ని వాళ్ల వంటింటి కిటికీ అలాంటిదే, పాతకాలపు ఇనప ఫ్రేమ్. కింది పట్టీ దగ్గర అద్దాన్ని పట్టి ఉంచే పుట్టీని ఉలితో లేపితే లోపలి తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా ఊడొచ్చింది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. అంతకుముందు కొత్త అద్దం వేయించినా మళ్లీ అదే మూలన చిట్లిందంటే మరి చిట్లదా!

ఇంకో రకం ఎండ పగులు. పడమటి కిటికీకి ముదురు రంగు ఫిల్మ్ అంటించి, పైన సన్‌షేడ్ నీడ సగం అద్దం మీదే పడుతుంటే, ఎండలో ఉన్న సగం కాగి వ్యాకోచిస్తుంది, నీడలో ఉన్న అంచు చల్లగా ఉండిపోతుంది, ఆ లాగుడికి అంచు నుంచి చీలుతుంది. ఫిల్మ్ ఉంచుకుని మామూలు అద్దమే మళ్లీ వేస్తే మళ్లీ పగిలే అవకాశం ఉంది.

ఇక అతకడం సంగతి. ఎపాక్సీ, యూవీ జిగురు, పారదర్శక టేపు, వీటితో ఇంటి కిటికీకి దక్కేది గడువే గానీ బలం కాదు. గీత చిన్నదై, అద్దం కదలకుండా, చేతికి అందని ఎత్తులో ఉంటే కొత్తది వచ్చేదాకా జిగురు పెట్టి నడిపించవచ్చు. పిల్లలు చెయ్యి వేసే ఎత్తులోనో, కింద జనం నడిచే బాల్కనీ వైపో ఉంటే ఆ గడువు కూడా వద్దు, అద్దం తీయించి ఆ చోట ప్లైవుడ్ ముక్క బిగించండి. పాత ఇళ్లలో పూల డిజైన్ ఉన్న రంగు అద్దాలుంటాయి, వాటికి జోడీ దొరకడం కష్టం, అలాంటి చోట మాత్రం ఓపిగ్గా అతికించుకోవడంలో అర్థముంది.

టేపు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. తుఫాను హెచ్చరిక రాగానే అద్దాల మీద ఇంటూ గుర్తులా టేపు అంటించడం మన దగ్గర మామూలైపోయింది. 2016 డిసెంబర్ 12న వర్ధా తుఫాను చెన్నై దగ్గర తీరం దాటింది, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ ఊరిని ముంచెత్తింది, అలాంటి తుఫాను గాలిని ఆపడం టేపు వల్ల కాదు. పైగా అద్దం పగిలితే టేపు పట్టుకున్న పెద్ద పెంకులు కత్తుల్లా ఊడిపడే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టాలనుకుంటే అద్దం మొత్తానికీ అంటుకునే సేఫ్టీ ఫిల్మ్ మీద పెట్టండి.

అసలు పోటీ ఇక్కడుంది: పాత టేకు కిటికీని బాగుచేయించడమా, పీకేసి యూపీవీసీయో అల్యూమినియమో వేయడమా?

టేకు అయితే చాలావరకు నా ఓటు బాగుచేయించడానికే. కింది పట్టీని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మొన దిగకపోతే చెక్క బాగున్నట్టే. కింది మూల మాత్రమే మెత్తబడితే వడ్రంగి ఆ ముక్క వరకు కోసి కొత్త టేకు అతుకు వేసేస్తాడు, రెక్క మొత్తం మార్చే పని లేదు. చెద పట్టి నిలువు పట్టీలు కూడా డొల్లగా మోగుతుంటే అప్పుడు వేరే ఆలోచన చెయ్యండి. యూపీవీసీ కొటేషన్‌లో చాలాసార్లు కనపడని ఖర్చు ఒకటుంది, అడిగితే గానీ చెప్పరు. మన పాత ఇళ్లలో ఊచలు చెక్క చట్రంలోకే దిగేసి ఉంటాయి, చట్రం పీకితే ఊచలూ పోతాయి, కొత్త గ్రిల్ చేయించాలి, గోడ అంచులు చెక్కులు లేస్తాయి, ప్లాస్టరింగు, దాని మీద రంగు, ఆ రంగు పాత గోడ రంగుతో కలవకపోతే గది మొత్తానికీ రంగు. కిటికీ కోసం మొదలుపెట్టిన పని ఇల్లంతా దుమ్ము చేసి వదులుతుంది. చట్రం బాగుండి రెక్కలే పాడైతే రెక్కలు మాత్రం కొత్తవి చేయించుకోవడం మధ్యేమార్గం, దీని గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

అలాగని యూపీవీసీని తీసిపారెయ్యలేం. ఆర్కాట్ రోడ్డు లాంటి బస్సుల రొద మీద ఇల్లుంటే రబ్బరు గ్యాస్కెట్‌తో బిగిసి మూసుకునే యూపీవీసీ రెక్క ముందు సందులు పడ్డ చెక్క రెక్క నిలవదు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క వీధుల్లో ఉప్పు గాలికి యూపీవీసీ చెక్కుచెదరదు, అయితే లోపల బలానికి పెట్టే ఇనప రాడ్డుకి జింకు పూత ఉందో లేదో, బయటి స్క్రూలు స్టెయిన్‌లెస్సో కాదో అడిగి తీరాలి. అల్యూమినియం అక్కడ మధ్యస్థం: పౌడర్ కోటింగ్ గీసుకుపోయిన చోట తెల్లటి పొడి లేస్తుంది, అందులో మామూలు ఇనప స్క్రూలు వేస్తే ఉప్పు తేమలో స్క్రూ చుట్టూ అల్యూమినియం తినేసుకుపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉంటే స్క్రూలకి 304 రకం స్టెయిన్‌లెస్ కంటే 316 రకం మేలు.

ఇంకో తేడా మన వాతావరణానికి పెద్దదే. పక్కకి జరిగే రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎప్పుడు తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మే నెల మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే వేళకి ఆ సగం ఎంత విలువైందో చెన్నైలో ఉన్నవాళ్లకి నేను చెప్పాలా? పాత టేకు రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి. స్లైడింగే వేయించాల్సి వస్తే కింది ట్రాక్‌లో నీళ్లు పోయే రంధ్రాలు చూపించమనండి. అవి లేకపోయినా, దుమ్ముతో పూడిపోయినా నవంబరు వానకి ట్రాక్ నిండి నీళ్లు పరుపు మీదికే వస్తాయి.

ఇనప కిటికీకి నా దగ్గర ఇంత దయ లేదు. పైపైన తుప్పయితే వైర్ బ్రష్‌తో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, అదే రోజు ప్రైమర్ కొట్టి ఉంచుకోండి. పొరలు లేచిందంటే ఆ ముక్క కోయించి వెల్డింగ్ చేయించాలి, కింది పట్టీ అంతా పోతే కిటికీ మార్చడమే నయం. తుప్పు మీదే రంగు కొట్టే పెయింటరుకి టీ ఇచ్చి పంపించెయ్యండి.

అద్దం ఏ రకమంటే, మామూలు ఫ్లోట్ గ్లాస్ చదరపు మీటరుకి ప్రతి మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. 2 అడుగులు బై 4 అడుగుల రెక్కకి 4 మి.మీ. వేస్తే దాదాపు ఏడున్నర కిలోలు, 6 మి.మీ. వేస్తే 11 కిలోలు. గట్టిగా ఉంటుంది కదా అని పాత బందుల మీద 6 వేయించుకుంటే రెక్క కుంగి కింద గీసుకుంటుంది, తర్వాత చట్రాన్ని తిట్టుకోవాలి. చిన్న చిన్న గళ్లకి 4 చాలు, పెద్ద పలకలకి 5. టఫెన్డ్ గ్లాసు 620 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడిచేసి ఒక్కసారిగా గాలితో చల్లార్చినది, మామూలుదానికంటే నాలుగైదు రెట్లు బలం, పగిలితే మొండి గింజల్లా రాలుతుంది. కానీ తయారయ్యాక కోయలేం. కొలత అర అంగుళం ఎక్కువైతే ఆ అద్దం వృథా, అందుకే వంకర తిరిగిన పాత చెక్క రెక్కలకి మూల నుంచి ఎదుటి మూలకి రెండు కర్ణాలూ కొలిచి అట్టతో నమూనా కోసి ఇవ్వడం మంచిది. లామినేటెడ్‌లో రెండు అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. నేలదాకా వచ్చే కిటికీలకి, స్నానాల గదికి టఫెన్డ్, పై అంతస్తులో వీధి వైపు లామినేటెడ్, ఊచలున్న మామూలు పడకగది కిటికీకి ఫ్లోట్. అన్నిటికీ టఫెన్డే అని పట్టుబట్టడం దండగ.

బిల్లు దగ్గరొక మాట. చాలా షాపుల్లో అంగుళాలని పైకి సర్దేసి లెక్క కడతారు, మీ అద్దం పదిహేడుంపావు బై నలభై అయితే 18 బై 42 అని రాసి 5.25 చదరపు అడుగులకి డబ్బు తీసుకుంటారు, అసలు ఉన్నది 4.8 లోపే. మోసమేం కాదు, పద్ధతి. అయితే ఆ మిగులు ముక్క మీరు అడిగి తెచ్చుకోవచ్చు.

అద్దం బిగించడానికి పుట్టీయా, బీడింగ్ అనే సన్నటి చెక్క పట్టీలా, సిలికానా? చెక్కకి బీడింగే సుఖం, మళ్లీ అద్దం మార్చాల్సొస్తే నాలుగు మేకులు లేపితే పోతుంది. సుద్దపొడి, అవిసె నూనె కలిపిన పాత రకం పుట్టీ వానని బాగా ఆపుతుంది, కానీ పైన పొర కట్టడానికి వారం రెండు వారాలు ఆగి అప్పుడు రంగు వెయ్యాలి, ఆ ఓపిక ఏ కాంట్రాక్టరుకీ లేదు. సిలికాన్ మీద రంగు నిలవదు. రంగు వెయ్యాల్సిన చోట అక్రిలిక్ సీలెంట్ అడగండి. లోహం దగ్గర అయితే వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది, న్యూట్రల్ రకం తీసుకోండి. ఏ పద్ధతైనా అద్దాన్ని చట్రం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ కోయించండి, వానలకి చెక్క ఉబ్బడానికి చోటు ఉండాలి.

రంగుకి వస్తే, బయటి వైపు నేను ఆయిల్ ఎనామిల్ కంటే నీళ్ల ఆధారంగా చేసే ఎనామిల్ వైపే మొగ్గుతాను, అది పసుపెక్కదు, వాసన తక్కువ. ఆయిల్ ఎనామిల్ నిగనిగ దీనికి రాదు, ఆ మోజు ఉన్నవాళ్లు ఆయిల్‌కే వెళ్తారు. ఏది వేసినా రంగు అద్దం మీదికి ఒక రెండు మిల్లీమీటర్లు ఎక్కనివ్వాలి, పుట్టీకీ అద్దానికీ మధ్య సందులోకి నీరు దిగకుండా కాపాడేది ఆ సన్నటి గీతే. పని నీటుగా కనిపించాలని చాలామంది పెయింటర్లు ఆ గీతని బ్లేడుతో పూర్తిగా గీకేస్తారు, పక్కన నిలబడి ఆపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఈ పని పెట్టుకోకండి, చెక్క తడి పీల్చి ఉంటుంది, రంగు పొక్కులొస్తుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే మార్చి దాకా మంచి కాలం.

పాత రంగు గీకేటప్పుడు కాస్త భయపడాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎంత ఉందో ఎవరికి ఎరుక. ఇంట్లో పసిపిల్లలుంటే పొడి శాండ్ పేపర్ రుద్దనివ్వకండి, తడిపి రుద్దే వాటర్ పేపర్ వాడమనండి, కింద ప్లాస్టిక్ పరిచి ఆ రజను మూటకట్టి పారెయ్యండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల లెక్క వేరు. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం రెండో షెడ్యూల్‌లో ఎవరు ఏది బాగుచేయించాలో రాసి ఉంది: కిటికీ తలుపుల అద్దాలు మార్చడం, దోమల జాలీ మార్చడం అద్దెకున్నవాళ్ల వంతు, తలుపులకీ కిటికీలకీ రంగు వేయించడం ఇంటి ఓనరు వంతు. అగ్రిమెంటులో ఇంకోలా రాసుకుంటే అదే నడుస్తుంది. కాబట్టి చట్రం తుప్పు వల్లే అద్దం పోయిందని మీకనిపిస్తే, పుట్టీ లేపి ఆ తుప్పు ఫోటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపి, అద్దం నేను వేయించుకుంటా, చట్రం గీకించి రంగు మీరు కొట్టించండి అని అడగండి. అద్దం కొన్నాక అడిగితే ఆయనకి తొందరేం ఉండదు.