రష్యన్ రివర్ బీర్లకి జనం వేసే మార్కులు, నేను వేసే మార్కులు

నా మాట ముందే చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో సాంటా రోజాలో ఉన్న రష్యన్ రివర్ బ్రూయింగ్ కంపెనీకి రేటింగ్ యాప్‌లలో అంత పేరు రావడం న్యాయమే, కానీ అందులో ఏ బీరు పైన, ఏది కింద అన్న వరసతో మాత్రం నేను ఒప్పుకోను. జనం నెత్తిన పెట్టుకున్న బీరు నా లిస్టులో నాలుగోది, "బాగానే ఉంది" అని దాటిపోయే బీరు నాకు రెండోది. ఇదంతా వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మనవాళ్లు చాలామంది యాప్ తెరిచి, పైన కనిపించిన పేరు ఆర్డరిచ్చి, ఆ చేదు తట్టుకోలేక సగం గ్లాసు వదిలేసి, చిన్న బ్రూవరీలు చేసే క్రాఫ్ట్ బీరంటే ఇంతేనేమో అనుకుని వచ్చేస్తున్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్లైనీ ది ఎల్డర్ దగ్గర మొదలుపెడదాం, అక్కడ మొదలుపెట్టకపోతే ఎవరూ ఊరుకోరు. ఇది డబుల్ ఐపీఏ, అంటే చేదెక్కువుండే ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అనే రకానికి ఇంకా ఘాటైన రూపం, ఆల్కహాల్ 8 శాతం. 2000లో హేవర్డ్‌లోని బిస్ట్రో అనే పబ్బు డబుల్ ఐపీఏలకని ఒక పండగ పెడితే దానికోసం ఈ కంపెనీలో బీరు తయారుచేసే వినీ సిలుర్జో చేసిన బీరు. పేరేమో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ పండితుడిది, హాప్స్ మొక్క గురించి మొదట రాసినవాళ్లలో ఆయన ఒకడని బీరు లోకంలో చెప్పుకుంటారు. హాప్స్ అంటే తీగకి కాసే పచ్చటి పూలు, బీరుకి చేదూ సువాసనా చాలావరకు వాటి నుంచే వస్తాయి. ఎల్డర్‌లో సిమ్‌కో, సెంటెనియల్, అమరిలో, సీటీజెడ్ అనే రకాలు బాగా దట్టించి వేస్తారు. అన్ని హాప్స్ పడి, అంత ఆల్కహాల్ ఉన్న బీరు మామూలుగా అయితే చిక్కగా, తియ్యగా, బరువుగా ఉండాలి. ఇది అలా ఉండదు. మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు కొంచెం డెక్స్‌ట్రోజ్ చక్కెర కూడా వేస్తారు, ఈస్ట్ ఆ చక్కెరని దాదాపు మొత్తం తినేస్తుంది కాబట్టి వెనక తీపి మిగలదు, గ్లాసు ఎత్తితే ముందు పైన్ చెట్ల వాసన, పంపరపనస తొక్క వాసన, తరవాత శుభ్రమైన చేదు, అంతే, నోరు మళ్లీ ఖాళీ. ఈ రెసిపీని సిలుర్జో దాచుకోలేదు, ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి తనే విప్పి చెప్పాడు. ఆయన మీద నాకు గౌరవం పెరగడానికి బీరు రుచి ఎంత కారణమో ఇదీ అంతే.

ఆ ఇంట్లో బీరు చేసుకునేవాళ్లే దీన్ని ఆకాశానికెత్తారు. అమెరికన్ హోమ్‌బ్రూవర్స్ అసోసియేషన్ వాళ్ల జైమర్జీ పత్రిక ఏటా పాఠకులతో ఓట్లు వేయించి అమెరికాలో దొరికే బీర్లలో మేటివాటి లిస్టు వేస్తుంది, 2009 నుంచి 2016 దాకా వరసగా 8 ఏళ్లు మొదటి స్థానం ఎల్డర్‌దే. 2017లో మిషిగన్ వాళ్ల టూ హార్టెడ్ ఏల్ దాన్ని దాటింది. ఈ ఓట్లకి నేను విలువిస్తాను, ఎందుకంటే వేసేవాళ్లకి ఒక బీరు అంత శుభ్రంగా రావడం వెనక ఎంత పనుంటుందో చేతులారా తెలుసు.

అయితే ఒక్క షరతు. ఎల్డర్‌ని తాజాగా తాగాలి. హాప్స్ వాసన ఇచ్చే నూనెలు చాలా సున్నితం, ఆక్సిజన్ తగిలినా, వేడి తగిలినా పోతాయి, పోయాక మిగిలేది మొండి చేదూ, తడిసిన అట్టపెట్టె లాంటి వాసనా. అందుకే సీసా మీద ఏ రోజు నింపారో తేదీ వేస్తారు, దాచిపెట్టుకోకుండా తాగేయమని లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఒకసారి ఒక షాపులో, పేరెందుకులెండి, ఫ్రిజ్‌లో కాకుండా కిటికీ పక్కన అరలో పెట్టిన సీసా చూశాను, తేదీ చూస్తే నెలలు దాటింది. కొన్నాను కూడా, ఎలా ఉంటుందో తెలుసుకుందామని. ఎవరైనా ఆ సీసా తాగి ఎల్డర్‌కి ఐదుకి మూడు వేస్తే వాళ్లని తప్పుపట్టలేను, కానీ ఆ మూడు మార్కులు బీరుకి కాదు, ఆ అరకి. యాప్‌లో తక్కువ మార్కులు వేసినవాళ్ల కామెంట్లు చదవండి, "అట్ట వాసన", "తేనె తీపి", "వాసనే లేదు" అని కనిపిస్తే వాళ్లు పాత సీసా తాగారని నాకు అర్థమవుతుంది. కాలిఫోర్నియా దాటితే వీళ్లు చాలా తక్కువ చోట్లకే సరుకు పంపుతారు, దూరాన ఉన్నవాళ్లు ఎవరి చేతో తెప్పించుకుంటారు, దార్లో ఎన్ని రోజులు ఎండలో పడి ఉందో ఎవరికి తెలుసు.

ఇక మార్కుల సంగతి. బీర్ అడ్వొకేట్ అనే సైట్ 1996 నుంచి ఉంది, అక్కడ రివ్యూ రాసేవాళ్లు చూపుకి, వాసనకి, రుచికి, నోట్లో ఎలా ఉందన్నదానికి, మొత్తానికి విడివిడిగా మార్కులు వేస్తారు. రుచికి 40 శాతం, వాసనకి 24, చూపుకి 6 మాత్రమే. పద్ధతి బాగుంది, కనీసం మనిషి ఆగి ఆలోచించి వేస్తాడు. రేట్‌బీర్ అని ఇంకొకటి ఉండేది, అదీ ఇలాగే విడగొట్టి 50కి మార్కులేసేది. దాన్ని బడ్‌వైజర్ వాళ్ల మాతృ సంస్థ ఏబీ ఇన్‌బెవ్ 2019కల్లా పూర్తిగా కొనేసింది, 2025లో మూసేశారు. ఏళ్ల తరబడి జనం ఓపిగ్గా రాసుకున్న రివ్యూలకి అలాంటి ముగింపు రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది అన్‌టాప్డ్. 2010లో వచ్చింది, ఐదుకి ఎన్ని అని ఒక్క వేలితో లాగితే చాలు, మాట రాయక్కర్లేదు. పబ్బులో మూడో గ్లాసు చేతిలో ఉన్నప్పుడు వేసిన మార్కూ, ప్రశాంతంగా కూచుని వేసిన మార్కూ అక్కడ ఒకటే.

ఈ సైట్లన్నిట్లో పైవరస చూడండి, ఒకే రకం బీర్లు కనిపిస్తాయి. ఆల్కహాల్ ఎక్కువున్న నల్లటి స్టౌట్‌లు, డబుల్ ఐపీఏలు, ట్రిపుల్ ఐపీఏలు, ఏడాదికి ఒకసారి మాత్రమే దొరికేవి. 5 శాతం ఉన్న లాగర్ ఎంత గొప్పగా చేసినా పైకి రాదు. మొదటి గుక్కలోనే గట్టిగా తగిలే బీరు గుర్తుంటుంది, మార్కులు పడతాయి. రెండో గ్లాసు కూడా హాయిగా తాగించే గుణానికి మార్కులు వేసే గడి ఎక్కడా లేదు. పైగా గంటలకొద్దీ నిలబడి సంపాదించిన గ్లాసుకి తక్కువ వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి.

ఇదే బ్రూవరీ చేసే ఇంకో బీరు ప్లైనీ ది యంగర్ కథ సరిగ్గా ఇదే. చరిత్రలో ఎల్డర్ మేనమామ, యంగర్ మేనల్లుడు, బీరులో మాత్రం మేనల్లుడిదే ఎక్కువ బలం, 10 శాతం దాటుతుంది. 2005 నుంచి ఏటా ఒక్కసారి చేస్తున్నారు. మొదట్లో వెళ్లి కూచుంటే ఇచ్చేవారు. 2010 నాటికి రేటింగ్ సైట్లలో ప్రపంచంలోనే మొదటి వరసకి ఎక్కాక వీధి చుట్టూ క్యూ మొదలైంది. అప్పట్లో ఫిబ్రవరిలో విడుదల చేసేవారు, ఈ మధ్య మార్చి నెలాఖరులో రెండు వారాల పాటు ఇస్తున్నారు, చిన్న గ్లాసుల్లో, మనిషికి ఇన్నేనని లెక్కపెట్టి. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, హోటళ్లు నిండిపోతాయి, ఊరికి ఎంత ఆదాయం వచ్చిందో సోనోమా కౌంటీ వాళ్లు లెక్కలు తీసి ప్రకటిస్తారు. ఒక్క బీరుకి ఇంత జరగడం గొప్ప విషయమే, నేనేం కాదనను. బీరు కూడా బాగుంటుంది, అంత ఆల్కహాల్ ఉన్నా గొంతులో మంట తెలీదు, దాన్ని అలా దాచడం చాలా కష్టమైన పని. కానీ ఎల్డర్‌లో ఉన్న చురుకు ఇందులో కొంచెం తగ్గుతుంది, హాప్స్ పొరలు పొరలుగా వచ్చి చివరికి కాస్త జిగట మిగులుతుంది, ఒక గ్లాసు అయ్యాక ఇంకొకటి కావాలని నాకైతే అనిపించదు. పక్క టేబుల్ మీద తాజా ఎల్డర్ ఏ క్యూ లేకుండా ఏడాది పొడుగునా దొరుకుతుంటే, ఈ రెండింటి మధ్య యాప్‌లో కనిపించే తేడాలో సగం క్యూకి పడ్డ మార్కులేనని నా నమ్మకం.

నేను నిజంగా చెప్పాలనుకున్నది నా లిస్టులో రెండోదైన ఎస్‌టీఎస్ పిల్స్ గురించి. ఎస్‌టీఎస్ అంటే సాంటా రోజా ఎయిర్‌పోర్ట్ కోడ్. ఐదు శాతం పైచిలుకు ఆల్కహాల్, వడకట్టని పిల్స్‌నర్ (లేత రంగు లాగర్), కొంచెం మసకగా ఉంటుంది. పిల్స్‌నర్‌లో దాక్కోడానికి చోటుండదు, ఐపీఏలో చిన్న లోపాన్ని హాప్స్ కప్పేస్తాయి, స్టౌట్‌లో మాడిన మాల్ట్ కప్పేస్తుంది, ఇందులో నీళ్లు బాగాలేకపోయినా, ఈస్ట్ అలిసిపోయినా వెంటనే బయటపడుతుంది. చల్లగా, నెలల్లో కాకపోయినా వారాల పాటు ఓపికపట్టి పక్వానికి తేవాలి. ఇందులో తాజా రొట్టె వాసన, గడ్డి పూల వాసన, చివర్లో నాలుక మీద చిన్న గరుకు చేదు. మన ఊళ్లో లాగర్ తాగి అలవాటైన ఎవరినైనా తీసుకెళ్తే నేను మొదట ఇప్పించేది ఇదే, ఇంతవరకు ఎవరూ గ్లాసు వదిలేయలేదు. అలాంటి బీరుకి అన్‌టాప్డ్‌లో నాలుగుకి అటూఇటూగా మార్కులుంటే, దాన్ని చూసి మెనూలో కిందికి జారిపోయేవాళ్లని ఆపాలనిపిస్తుంది.

బ్లైండ్ పిగ్ ఐపీఏ గురించి రెండు ముక్కలు. 6 శాతం పైచిలుకు, ఎల్డర్‌ కంటే తేలిక, పొడిగా, చేదుగా ఉంటుంది. సిలుర్జో అంతకుముందు దక్షిణ కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో నడిపిన బ్రూవరీ పేరు ఇది, 1994లో అక్కడ చేసిన బీరునే మొదటి డబుల్ ఐపీఏ అని చాలామంది లెక్కేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి పిజ్జా తింటూ మాట్లాడుకోడానికి ఎల్డర్ కంటే ఇదే నయం.

నా మొదటి స్థానం సప్లికేషన్‌ది. బ్రౌన్ ఏల్‌ని పీనో న్వార్ వైన్ పీపాల్లో పుల్ల చెర్రీలతో కలిపి దాదాపు ఏడాది ఉంచుతారు, బ్రెటనోమైసిస్ అనే అడవి జాతి ఈస్ట్, లాక్టిక్ పులుపునిచ్చే బ్యాక్టీరియా అందులో నిదానంగా పని చేస్తాయి. చుట్టూ ద్రాక్ష తోటలున్న ఊరు కాబట్టి మంచి పీపాలు పక్కనే దొరుకుతాయి, బెల్జియం పద్ధతిని తమ ఊరి సరుకుతో కలిపి వీళ్లు చేసిన ఈ పనికి తగినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. పుల్లబీరు అనగానే మొహం చిట్లించేవాళ్లకి ఒక మాట, మధ్యాహ్నం దాటాక పులుపెక్కిన తాటికల్లు ఇష్టంగా తాగినవాళ్లకి ఈ రుచి కొత్తేం కాదు, అక్కడా ఇక్కడా పని చేసేది గాల్లోంచి, చెట్ల నుంచి వచ్చే ఆ జాతి జీవులే, కాకపోతే ఇక్కడ వాటిని ఎంచి వేసి, పీపాలో పెట్టి, ఏడాది ఎదురుచూస్తారు. చెర్రీ పులుపు ముందు, ఓక్ చెక్క వాసన తరవాత, చివర్లో రెడ్ వైన్‌లో ఉండే వగరు. ఇదే కుటుంబంలో షార్డనే వైట్ వైన్ పీపాల్లో పెట్టిన టెంప్టేషన్, కాబర్నే రెడ్ వైన్ పీపాల్లో కరంట్ అనే చిన్న ఎండు పళ్లతో పెట్టిన కాన్సిక్రేషన్ ఉన్నాయి. కాన్సిక్రేషన్ 10 శాతం, భోజనం అయ్యాక కొంచెం కొంచెంగా తాగాలి. టెంప్టేషన్ నాకు మరీ పులుపనిపిస్తుంది, వైట్ వైన్ ఇష్టపడే మా ఫ్రెండ్ మాత్రం దాన్నే పైన పెడతాడు.

ఈ బ్రూవరీ ఇప్పటికీ సొంత చేతుల్లో ఉండటం కూడా నాకు ముఖ్యమే. 1997లో కోర్బెల్ షాంపేన్ కంపెనీ దీన్ని మొదలుపెట్టింది, బీరు వ్యాపారం వద్దనుకున్నాక 2003లో వినీ, ఆయన భార్య నటలీ కలిసి తీసుకున్నారు, 2004లో సాంటా రోజా ఊరి నడిమధ్య ఫోర్త్ స్ట్రీట్‌లో పబ్బు తెరిచారు. అదే కౌంటీలో లాగునీటాస్ అనే బ్రూవరీ ముందు సగం, 2017లో మిగతా సగం హైనెకెన్‌కి వెళ్లిపోయింది. అమెరికాలో చిన్న బ్రూవరీల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో క్రాఫ్ట్ బ్రూవరీ అనిపించుకోవాలంటే క్రాఫ్ట్ కాని మద్యం కంపెనీ చేతిలో పావు వంతు కంటే తక్కువే ఉండాలి. ఇంత పేరున్న బీరు చేతిలో పెట్టుకుని వీళ్లు దేశమంతా పంపే ఫ్యాక్టరీ కట్టకపోవడం వల్లే ఎల్డర్ ఇంకా తాజాగా దొరుకుతోంది. 2017లో ఊరిని మంటలు కాల్చేసినప్పుడు సోనోమా ప్రైడ్ పేరుతో బీరు చేసి సాయానికి డబ్బు పోగుచేసింది కూడా వీళ్లే.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు చోట్లున్నాయి. 2018లో పక్క ఊరు విండ్సర్‌లో తెరిచిన బ్రూవరీ పెద్దది, పార్కింగ్ టెన్షన్ లేదు, బీరు పులిసే మూతలేని ఫర్మెంటర్లు, మరిగించిన మాల్ట్ రసాన్ని గాలికి వదిలి చల్లార్చే వెడల్పాటి తొట్టి కూల్‌షిప్ అన్నీ చూడొచ్చు, బీరు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకుంటే అక్కడికే వెళ్లండి. ఫోర్త్ స్ట్రీట్ పబ్బు ఇరుకు, గోల, వీకెండ్ అయితే కాసేపు నిలబడాలి, నాకదే ఇష్టం. ఈ బీర్లు తాగి 101 హైవే మీద బండి నడపడం మాత్రం వద్దు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లార్క్స్‌పర్‌కి ఫెర్రీ, అక్కడి నుంచి స్మార్ట్ (SMART) అనే లోకల్ రైలు, సాంటా రోజా డౌన్‌టౌన్‌లో దిగితే పబ్బుకి నడిచి వెళ్లొచ్చు, కాకపోతే చివరి రైలు టైమ్ ముందే చూసుకోండి. చిన్న గ్లాసుల్లో ఒక్కోటి రుచి చూపించమని అడగండి, ఎస్‌టీఎస్ పిల్స్‌తో మొదలుపెట్టి, బ్లైండ్ పిగ్, ఎల్డర్, చివరికి సప్లికేషన్. వరస తిప్పకండి, ఎల్డర్ ముందు తాగితే పిల్స్ నీళ్లలా అనిపిస్తుంది. ఇంటికి తెచ్చుకునేట్టయితే సప్లికేషన్‌ని చల్లటి, చీకటి చోట నెలల తరబడి ఉంచినా ఏం కాదు, ఎల్డర్ సీసాలు ఎన్ని తాగగలరో అన్నే కొనండి.