గాలం పట్టుకుని గండికోటకా, సంగమేశ్వరానికా?

గాలం వేయడానికి గండికోట ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. గండికోటను చూడటానికి వెళ్లండి, చేపల కోసమైతే మైలవరం వెళ్లండి. కోట దగ్గర పెన్నా లోయలో నీళ్లు ఎక్కడో కింద ఉంటాయి. ఆ బండల అంచున నిలబడి గాలం విసరడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మైలవరం డ్యామ్ దానికి దిగువన అదే పెన్నా మీద ఉంది. డ్యామ్ కట్ట జోలికి పోకుండా వెనక నీళ్ల గట్టు చూసుకోండి. ముందుగా అక్కడి మత్స్యకారులను అడగండి, వాళ్ల వలలకు దూరంగా కూర్చోండి. ఆ నీళ్ల మీద బతికేది వాళ్లు. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే సమయం కాబట్టి అప్పుడు అసలు వెళ్లకపోవడమే మంచిది.

కుటుంబంతో వెళ్తే గండికోటలో పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ నయం. మేం మాత్రం 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో లాడ్జి తీసుకుంటాం. తెల్లవారకముందే బయల్దేరేవాళ్లకు ఊళ్లో ఉండటమే వీలు. గది తీసుకునేముందు సామాను కడుక్కోవడానికి బయట కొళాయి ఉందో లేదో అడగండి. ఒక లాడ్జిలో ఎర వాసన వస్తోందని రాత్రిపూట మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. డబ్బు తిరిగి రాలేదు.

కర్నూలు వైపు సంగమేశ్వరం సంగతి వేరు. వేసవిలో శ్రీశైలం వెనక జలాలు తగ్గితే గుడి బయటపడుతుంది, వరదకు మళ్లీ మునుగుతుంది. నీళ్లు వెనక్కి పోయిన చోట పైన ఎండినట్టు కనిపించినా కింద మెత్తటి బురద. మా మిత్రుడి కారు అక్కడే దిగబడింది. ఊరి నుంచి ట్రాక్టర్ వచ్చి లాగేసరికి చీకటి పడింది. బండిని గట్టి దారిలోనే ఆపి మిగతా దూరం నడవండి. అక్కడ బాధ కలిగించేది అలివి వలలు. కంటికి ఆనని చేపపిల్లలను కూడా ఊడ్చేస్తాయి. నిషేధం ఉన్నా వాడుతూనే ఉన్నారు. బొచ్చె, శీలావతి ఎదగాల్సిన నీళ్లవి. మన గాలానికి పడిన పిల్లచేపనైనా తడి చేతులతో పట్టి వదిలేద్దాం.

ఆ బురద దారం చుట్టే రీల్‌కు అంటితే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టకండి, ఇసుక లోపలికి పోతుంది. తడిబట్టతో తుడిచి, దారం బిగువును అదుపు చేసే డ్రాగ్‌ను వదులు చేసి, నీడలో ఆరబెట్టండి. కారు డిక్కీ ఎండలో నైలాన్ దారం ఉంచొద్దు, దాని పట్టు తగ్గుతుంది. గాలం కర్రకు, అంటే రాడ్‌కు, దారం పోయే రింగుల్లో దూది తిప్పి చూడండి. పోగు చిక్కిందంటే అక్కడ పగులున్నట్టే. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగేది అలాంటి చోటే.

ఒక ప్రైవేటు బస్సు డిక్కీలో సిమెంటు బస్తాల కింద పడి మా అన్న రాడ్ కొస విరిగింది. విరిగిన చోట సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్ది, కొస రింగును వేడి జిగురుతో మళ్లీ అతికించాడు. రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో కంటికి ఎదురుగా పెట్టి చూసుకుంటూ మెల్లగా తిప్పాడు. ఇప్పుడు రాడ్లన్నీ పీవీసీ పైపులో పెట్టి సీటు పక్కనే ఉంచుకుంటున్నాం.

వేసవికి మళ్లీ సంగమేశ్వరం వెళ్తాం. ఆత్మకూరులో తడి సామానుతో వచ్చినా విసుక్కోని లాడ్జి తెలిస్తే చెప్పండన్నా.