‘హెవీ’ అనే ఒక్క మాట దగ్గర నిఘంటువుకు పరీక్ష

నిఘంటువు ఎంత మంచిదో తెలుసుకోవడానికి నేను అందులో అరుదైన పదాలను వెతకను. అందరికీ వచ్చనిపించే చిన్న విశేషణాన్ని తెరిచి చూస్తాను. ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే నేను ఈసారి ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ని, ఉచితంగా దొరికే దాని ఆన్‌లైన్ రూపంలో, ‘హెవీ’ అనే మాటతో పరీక్షించాను. మా తరగతిలో ఒక అమ్మాయి ఫోనులోని ఏదో అనువాద యాప్‌ను నమ్మి, ‘హెవీ స్మోకర్’ను ‘బరువైన పొగతాగేవాడు’ అని రాయడమే ఇందుకు కారణం. అందులో పిల్ల తప్పేమీ లేదు. ‘హెవీ’ అంటే ‘బరువైన’ అని ఆ యాప్ ఒక్క అర్థంతో సరిపెట్టేసింది.

ఈ నిఘంటువు అలా సరిపెట్టదు. తూకానికి సంబంధించిన అర్థం తరువాత, మామూలుకన్నా ఎక్కువ మోతాదును, తీవ్రతను తెలిపే అర్థాన్ని వేరుగా చూపి, ఈ విశేషణం ఏ నామవాచకాలతో జతకడుతుందో ఉదాహరణలతో చెబుతుంది. అసలు విలువంతా అక్కడే ఉంది. ‘హెవీ రెయిన్’ మనకు కుండపోత. ‘హెవీ ట్రాఫిక్’ కిక్కిరిసిన రద్దీ. ‘హెవీ స్లీపర్’ మొద్దునిద్ర పోయేవాడు. ఇంగ్లీషు ఒక్క విశేషణంతో నెట్టుకొచ్చే చోట తెలుగు ప్రతిసారీ కొత్త మాటను వెతుక్కుంటుంది. ‘హెవీ హార్ట్’ దగ్గర మాత్రం రెండు భాషలూ కలుస్తాయి, మనకూ గుండె బరువెక్కుతుంది కదా! వ్యతిరేకపదమైన ‘లైట్’ను కూడా పక్కనే పెట్టి చదివితే లాభం రెట్టింపవుతుంది: ‘లైట్ రెయిన్’ చిరుజల్లు, ‘లైట్ స్లీపర్’ చీమ చిటుక్కుమన్నా మేలుకొనేవాడు.

వాన కురిసిన తీరు చెప్పేటప్పుడు ‘రెయిన్డ్ హెవీ’ అని మా పిల్లలు తరచుగా రాస్తారు. క్రియ పక్కన ‘హెవిలీ’ రావాలని చెప్పడానికి నేను వ్యాకరణ సూత్రం వల్లించే బదులు, ఇందులోని రెండు పేజీలనూ తెరిచి ఉదాహరణలను గట్టిగా చదివిస్తున్నాను. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినిపించే సౌకర్యం కూడా ఉంది.

జపానులో ఇంగ్లీషు బోధించిన ఏ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి తయారుచేసిన ఈ నిఘంటువు తొలి రూపం 1942లో టోక్యోలో వెలువడింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా వచ్చింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి ఇబ్బందులను తరగతి గదిలో చూసినవాడి చెయ్యి ఇందులో పడిందని ప్రతి పేజీలోనూ తెలుస్తుంది.

తెలుగు అర్థాలు ఇందులో లేవు కాబట్టి, ఇంగ్లీషు వివరణ చదవలేని చిన్న తరగతుల పిల్లలకు దీన్ని నేరుగా ఇవ్వమని చెప్పను. ఇంటర్మీడియట్ నుంచి పైవారు మాత్రం నిస్సంకోచంగా వాడవచ్చు, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకొని ఒక్కొక్క జతకూ తెలుగులో మన ఇంట్లో అనే మాటను రాసుకుంటూ వాడితే ఇంకా బాగుంటుంది. మా తరగతిలోని ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో ‘హెవీ స్మోకర్’ ఎదురుగా ఇప్పుడు ‘పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు’ అని రాసుకుంది.