ముంజేతి నరం: కత్తి, స్కానింగ్, కరెంటు పరీక్షల్లో ఏది మేలు?

చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే ఒకాయన, గాయమైన మూడు నెలలకు నా దగ్గరికి వచ్చారు. పలక జారి, దాని అంచు కుడి మోచేతికి రెండు వేళ్ల కింద, లోపలి వైపున లోతుగా కోసింది. అప్పుడు ఒక ఆసుపత్రిలో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పెట్టి లాగి చూశారట. ఆయన గట్టిగానే పట్టుకున్నారు. దాంతో నరం బాగానే ఉందని చెప్పి, కుట్లు వేసి పంపేశారు. గాయం మానింది, చిటికెన వేలికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. టీ గ్లాసు వేడి తెలియక ఆ వేలి మీద బొబ్బ ఎక్కింది. “నరం తెగలేదన్నారు కదా మేడమ్, మరి ఇదేమిటి?” అని అడిగారు.

నేను వైద్య విద్యార్థులకు శరీర ధర్మశాస్త్రం చెబుతాను, నరాల పరీక్షలు చేస్తాను. ఇలాంటి చేతిని చూసినప్పుడు ఏ పరీక్ష మేలు అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఎందుకంటే అందరి ముంజేతులూ లోపల ఒకేలా ఉండవు.

ముందు మాటల చిక్కు ఒకటి విడదీయాలి. మన వైపు ‘నరం’ అంటే రక్తనాళం కూడా. సూది గుచ్చేది నరానికే, చేతి మీద నీలంగా ఉబ్బేదీ నరమే. పాఠ్యపుస్తకం ‘నాడి’ అంటుంది కానీ, నాడి చూడడమంటే జనానికి మణికట్టు దగ్గర రక్తం కొట్టుకోవడాన్ని చూడడం. ఇక్కడ నేను నరం అన్నప్పుడల్లా స్పర్శను మెదడుకు చేర్చేది, కండకు ఆజ్ఞ తెచ్చేది అని అర్థం చేసుకోండి. ముంజేతిలో అలాంటివి ముఖ్యంగా మూడు. నడిమధ్యన దిగే మీడియన్, చిటికెన వేలి వైపు దిగే అల్నార్, బొటనవేలి వైపుకూ వెనకకూ పోయే రేడియల్. మోచేయి గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమనేది అల్నార్ నరమే.

పుస్తకంలోని బొమ్మలో ఈ మూడూ వేటి దారిన అవి పోతాయి. నిజంగా అలా పోని చేతులు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తేడా, మీడియన్ నుంచి ఒక సన్నని పాయ చీలి, ముంజేతిలోనే అల్నార్‌లో కలవడం. స్వీడన్‌కు చెందిన మార్టిన్ 1763లో, ఆ తర్వాత గ్రూబర్ 1870లో దీన్ని వర్ణించారు. అందుకే మార్టిన్-గ్రూబర్ కలయిక అన్న పేరు వచ్చింది. అధ్యయనాన్ని బట్టి లెక్క మారుతుంది కానీ, వందమందిలో సుమారు 15 నుంచి 20 మందికి ఇది ఉంటుందని అనుకోవచ్చు. అంటే అరవైమంది కూర్చునే తరగతిలో పదిమందికి. వాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు, ఆ నరాలలో ఒకటి దెబ్బ తినేదాకా.

నెల్లూరు ఆనకట్ట కింది రైతుకు ఇది వివరించడం తేలిక. సర్వేపల్లి కాలువకు ఎగువన గండి పడినా దిగువ చేను తడిగానే ఉంటే, గండి అబద్ధమని ఆయన అనుకోడు. పక్క కాలువ నుంచి పిల్లకాలువ ఎక్కడో ఉందని వెతుకుతాడు. పాలిష్ కార్మికుడి చేతిలోనూ కండలు ఆడుతున్నాయి కాబట్టి నరం తెగలేదనుకోవడం, పిల్లకాలువ సంగతి మరచి చేను చూసి గండి లేదనడమే.

ఇక పోలికకు వద్దాం. మొదటిది కత్తి, అంటే శవచ్ఛేదన. ఈ తేడాలన్నీ మొదట బయటపడింది దానివల్లే. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులు ఈ రోజుకీ ముంజేతిని నేర్చుకునేది అక్కడే. చర్మం తీసి, కండల పొరలు విడదీసి, నరాన్ని వేలితో అనుసరించిన విద్యార్థికి వచ్చే జ్ఞానం ఏ బొమ్మా ఇవ్వదు. కానీ ఈ పాయ సన్నగా, వేళ్లను ముడిచే కండల మధ్య లోతుగా ఉంటుంది. తొందరపడే చెయ్యి దాన్ని కండల మీది పొర అనుకుని కత్తిరించేస్తుంది. దొరికినా ఆ పాయ ఏ కండకు ఆజ్ఞ మోస్తుందో కత్తి చెప్పలేదు, ఎందుకంటే ఆ చెయ్యి ఇక కదలదు. బతికున్న మనిషి విషయంలో కత్తికి ఒక్కచోటే తిరుగులేదు. అద్దం, రాయి, కొడవలి లాంటి పదునైన అంచు కోసి, గాయం తెరిచి ఉన్నప్పుడు, శస్త్రవైద్యుడు మత్తిచ్చి లోపల కళ్లారా చూడడం. తెగిన కొసలు అప్పుడే దొరికితే వెంటనే కలిపి కుట్టవచ్చు. చీమకుర్తి ఆయనకు ఆ మొదటి రోజే జరగాల్సింది అది.

రెండోది స్కానింగ్. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ లాంటిదే, కాకపోతే పైపైన ఉన్నవాటిని నిశితంగా చూపే సన్నని పరికరంతో చేస్తారు. అడ్డంగా చూస్తే నరం తేనెపట్టు గదుల్లా కనబడుతుంది. నొప్పి లేదు, సూది లేదు. నరం ఎక్కడ తెగింది, కొసల మధ్య ఎంత ఎడముంది, తెగిన కొస గడ్డకట్టిందా అన్నవి చక్కగా చెబుతుంది. కరెంటు పరీక్షకు అందని కొన్ని తేడాలనూ ఇదే పట్టిస్తుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒకావిడకు రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర పట్టేది కాదు. చెయ్యి విదిలిస్తే గానీ తగ్గేది కాదు. మణికట్టు దగ్గర మీడియన్ నరం ఒత్తుకుపోతోందని కరెంటు పరీక్షలో తేలింది. కానీ ఆ నరం మణికట్టులో రెండుగా చీలి ఉందనీ, ఆ చీలికల నడుమ, చాలామందిలో పుట్టుకకు ముందే కుంచించుకుపోయే ధమని ఒకటి ఇంకా మిగిలి కొట్టుకుంటోందనీ చెప్పింది స్కానే. కోసే ముందు ఇది తెలియడం శస్త్రవైద్యుడికి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. అయినా మార్టిన్-గ్రూబర్ పాయ దగ్గర స్కాన్ తరచు ఓడిపోతుంది. అది అంత సన్నది. కనబడినా అందులో ప్రసారం ఉందో లేదో చిత్రం చెప్పదు. ఎమ్మారై కూడా ఈ ప్రశ్నకు ఇంతకన్నా మేలు కాదు, పైగా ఖర్చెక్కువ.

మూడోది నరాల ప్రసార పరీక్ష. జనం కరెంటు పరీక్ష అంటారు, షాక్ కొడుతుందని భయపడతారు. తాకించేది కొద్దిపాటి కరెంటు. క్షణకాలం చురుక్కుమంటుంది, అంతే. నరాన్ని మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా తాకించి, అరచేతి కండ ఎంత వేగంగా, ఎంత బలంగా స్పందిస్తుందో కొలుస్తాం. ఆరోగ్యంగా ఉన్న ముంజేతి నరంలో వేగం సెకనుకు దాదాపు 50 నుంచి 60 మీటర్లు ఉంటుంది. చెయ్యి చల్లగా ఉంటే వేగం తగ్గి కనబడుతుంది. అందుకే చర్మం 32 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండలో ఒంగోలు బస్టాండు నుంచి నడిచొచ్చిన మనిషి కూడా ఏసీ గదిలో అరగంట కూర్చుంటే వేళ్లు చల్లబడతాయి. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టించకుండా నేను పరీక్ష మొదలుపెట్టను.

ముంజేతి తేడాల విషయంలో నా ఓటు దీనికే, ఎందుకంటే ఏ నరం ఏ కండను నిజంగా నడుపుతోందో చెప్పేది ఇదొక్కటే. కానీ పుస్తకం బొమ్మను మనసులో పెట్టుకుని చేస్తే ఇంతగా మోసం చేసే పరీక్షా ఇంకొకటి లేదు. పాయ ఉన్న ఆరోగ్యవంతుడికి అల్నార్‌ను మణికట్టు దగ్గర తాకిస్తే కండ బలంగా స్పందిస్తుంది. మోచేతి దగ్గర తాకిస్తే స్పందన చిన్నదిగా వస్తుంది. కొన్ని పోగులు ఆ దారిన కాక మీడియన్‌లో దిగి, కింద వచ్చి చేరాయి కాబట్టి. ఇది తెలియనివారు ముంజేతిలో నరం మూసుకుపోయిందని రాసేస్తారు. అక్కరలేని ఆపరేషన్‌కు అదే మొదటి మెట్టవుతుంది. మణికట్టులో మీడియన్ ఒత్తుకుపోయినవారికి ఈ పాయ కూడా ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. పై నుంచి తాకించిన కరెంటు, నరం ఒత్తుకుపోయిన దారిని తప్పించుకుని, అల్నార్ వెంట ముందుగా చేరుతుంది. లెక్క వేస్తే వేగం సెకనుకు 80 మీటర్లు కూడా దాటవచ్చు. అంత వేగం కనబడగానే నరం బాగుందని సంతోషించకూడదు, పిల్లకాలువ ఉందేమోనని ఆగాలి. అనుమానం తీర్చుకోవడానికి ఒక్క అడుగు చాలు. అల్నార్ నడిపే కండ మీద పరికరం ఉంచి, మీడియన్‌ను మోచేతి దగ్గర తాకించి చూడాలి. కండ స్పందిస్తే పాయ ఉన్నట్టే. పరీక్షకు వెళ్లేవారు “మోచేతి దగ్గర రెండు నరాలనూ చూశారా?” అని అడగడంలో తప్పేమీ లేదు.

కరెంటు పరీక్షకు రోజుల లెక్క కూడా ఉంది. నరం పూర్తిగా తెగినా, తెగిన చోటుకు కింది ముక్క వెంటనే చచ్చిపోదు. కండకు ఆజ్ఞ మోసే పోగులు దాదాపు వారం వరకు, స్పర్శ పోగులు పది రోజుల వరకు కింద తాకిస్తే స్పందిస్తూనే ఉంటాయి. గాయమైన మూడో రోజున మణికట్టు దగ్గర మాత్రమే తాకించి నరం పనిచేస్తోందని రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. కండలో సూది పెట్టి చేసే పరీక్ష మూడు వారాలకు గానీ పూర్తి సంగతి చెప్పదు. అందుకే కోసుకున్న గాయమైతే మొదటి వారంలో నేను స్కాన్‌కే, అంతకన్నా ముందు శస్త్రవైద్యుడి కంటికే పెద్దపీట వేస్తాను. మూడు వారాలు దాటాక కరెంటు పరీక్ష ముందుకు వస్తుంది. ఏ గాయమూ లేకుండా వచ్చే తిమ్మిరికి మొదటి నుంచీ దానిదే పైచేయి, ఆపరేషన్‌కు వెళ్లేముందు స్కాన్ తోడుంటే మంచిది.

చీమకుర్తి ఆయన చేతిలో అల్నార్‌ను మోచేతి పైన తాకిస్తే అరచేతిలో ఏ కండా కదలలేదు. మణికట్టు దగ్గర తాకిస్తే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనున్న కండ కదిలింది. మీడియన్‌ను మోచేతి దగ్గర తాకించినా అదే కండ కదిలింది. అల్నార్ పూర్తిగా తెగింది, పాయ ఆ కండను కాపాడింది. ఈ పాయ సాధారణంగా కండల ఆజ్ఞలే తప్ప స్పర్శను మోయదు, చిటికెన వేలు మొద్దుబారింది అందుకే. మొదటి రోజున కాగితాన్ని పట్టుకోగలగడం కంటే ఆ మొద్దుబారడాన్నే ఎక్కువగా నమ్మి ఉండాల్సింది. తర్వాత చేసిన స్కాన్‌లో తెగిన కొస గడ్డకట్టి కనిపించింది. చెన్నైలో కాలి నుంచి నరం ముక్క తీసి అతికించారు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి కింది నుంచి అరచేతికి చేరడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే కండ ఆ నరాన్ని అందుకునే స్థితిలో ఉండదు. అందులో మూడు నెలలు ముందే ఖర్చయిపోయాయి.

ఆయన ఎడమ చేతినీ పరీక్షించాను. అందులో ఆ పాయ లేదు. రిపోర్టు కింద తెలుగులో రాసిచ్చాను: ‘కుడి ముంజేతిలో మీడియన్ నుంచి అల్నార్‌కు కలిసే పాయ ఉంది, ఎడమలో లేదు.’ ఇకపై ఏ ఊళ్లో ఏ డాక్టరు ఆ చెయ్యి పట్టుకున్నా ముందు ఈ కాగితం చూపించమన్నాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవరులో దాచుకున్నారు.