కిటికీ కింద టీవీ: లిఫ్టు పెట్టెతో ఏడో ఏడు

మా అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఓడలు లెక్కపెడుతుంది. విశాఖలో మా ఫ్లాటు బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనక, అయిదో అంతస్తులో ఉంది. పోర్టులోకి వెళ్లే వంతు కోసం లంగరేసి నిలబడ్డ ఓడలు అక్కడినుంచి బాగా కనిపిస్తాయి. నాన్న పోర్టులోనే పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆ లెక్క అమ్మ చేతికి వచ్చింది. చిక్కేమిటంటే, ఆ హాల్లో టీవీ పెట్టడానికి వీలున్న చోటు కూడా ఆ కిటికీ దగ్గరే. మిగతా మూడు వైపులా వంటింటి దారి, పూజ అల్మరా, సోఫా ఉన్నాయి. కిటికీకి టీవీ అడ్డం పెట్టవద్దని అమ్మ అనలేదు. "పెట్టుకోండి, పగలు నేను నా గదిలో కూర్చుంటాను" అంది. ఆ మాట విన్నాకే నేను టీవీ లిఫ్టు గురించి వాకబు చేయడం మొదలుపెట్టాను.

2019 ఉగాదికి లిఫ్టు బిగించిన చెక్కపెట్టె ఇంట్లోకి, ఆ కిటికీ కిందికి వచ్చింది. బటను నొక్కితే మూత తెరుచుకుని టీవీ నిలువుగా పైకి లేస్తుంది, చూడటం అయ్యాక లోపలికి దిగిపోతుంది. రోజుకు రెండుసార్ల లెక్కన ఇప్పటికి నాలుగున్నర వేల సార్లకు పైగా లేచి దిగింది. ఈలోగా ఒక టీవీ అందులోనే ఉండి పాడైపోయింది, దాని చోట రెండోది వచ్చింది. లిఫ్టు మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. నేను చెప్పదలచుకున్నదంతా అందులో పెట్టే టీవీ గురించే. చాలామంది ముందు టీవీ చూసుకుని, దాని కొలతకు పెట్టె చేయిస్తారు. మేమూ దాదాపు అలాగే చేశాం. టీవీ ఆరేడేళ్లు ఉంటుంది, మంచి ప్లైవుడ్ పెట్టె ఇరవై ఏళ్లు ఉంటుంది. పెట్టె చేయించేటప్పుడు ఇప్పుడు కొనే టీవీతో పాటు ఆ తర్వాత రాబోయే టీవీని కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

టీవీకి చెప్పే అంగుళాలు తెర ఒక మూలనుంచి ఎదురు మూలకు కొలిచినవి. వడ్రంగి మేస్త్రికి ఆ అంకెతో పని జరగదు. ఇప్పటి 16:9 తెరలకైతే అంగుళాలను 2.21తో గుణిస్తే వెడల్పు, 1.245తో గుణిస్తే ఎత్తు సెంటీమీటర్లలో వచ్చేస్తాయి. 43 అంగుళాల తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53.5 ఎత్తు. 50 అంగుళాలది 110.7, 62.3. 55 అంగుళాలది 121.8, 68.5. ఇది తెర కొలత మాత్రమే. చుట్టూ అంచులు, కింద పట్టీ కలుపుకుంటే ఇంకా పెరుగుతుంది కాబట్టి చివరికి టేపు పెట్టి టీవీ ఒళ్లంతా కొలుచుకోవాల్సిందే.

మేము మొదట కొన్నది 49 అంగుళాలది. దాని ఒళ్లు 110.1 వెడల్పు, 64.3 ఎత్తు. పెట్టె లోపలి వెడల్పు 112 చాలన్నారు మేస్త్రి. "దగ్గరగా ఉంటేనే అందంగా ఉంటుందమ్మా" అన్నారు. మూత వేశాక లోపలి సందు ఎవరికీ కనిపించదు కదా అని నేను 115 చేయించాను. ఆ మూడు సెంటీమీటర్లే ఆరేళ్ల తర్వాత మమ్మల్ని కాపాడాయి.

వెడల్పు కంటే ఎత్తు లెక్క కాస్త మెలిక. లిఫ్టు ఎంత ఎత్తుకు లేస్తుందో దాన్ని అమ్మేవాళ్లు స్ట్రోక్ అంటారు. టీవీ ఎత్తు, టీవీకీ మూతకీ మధ్య ఉన్న ఖాళీ, మూత మందం, ఈ మూడూ కలిపితే ఎంతవుతుందో కనీసం అంత స్ట్రోక్ కావాలి. మాకు 64.3కు 3.7, 1.8 కలిపితే 69.8 వచ్చింది. 72 సెంటీమీటర్లు లేచే లిఫ్టు తీసుకున్నాం. మిగిలిన రెండు సెంటీమీటర్లు వృథా కాలేదు. ఇప్పటి టీవీల్లో చాలావాటికి స్పీకర్లు అడుగున, కిందికి తిరిగి ఉంటాయి. టీవీ అడుగు పెట్టె లోపలే ఉండిపోతే మాటలు బావిలోంచి వచ్చినట్టు వస్తాయి. టీవీ కింద సౌండ్‌బార్ కూడా తగిలించాలనుకునేవాళ్లు దాని ఎత్తును ఈ లెక్కలో కలుపుకోవాలి.

బరువు గురించి అందరూ కంగారు పడతారు, అంత అవసరం లేదు. మా లిఫ్టు 60 కిలోలు మోస్తుంది, టీవీ 13 కిలోలే.

అయితే 55 అంగుళాలది ఎందుకు తీసుకోలేదని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. మా కిటికీ గట్టు నేలనుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, పెట్టె 85. అంటే టీవీ లోపల ఉన్నంతసేపూ సముద్రానికి అడ్డమేమీ ఉండదు. 55 అంగుళాల టీవీకి పెట్టె 91 దాటుతుంది. మరో సంగతి కొన్నాక గానీ తెలియదు. గోడకు బిగించే టీవీ ఎంత పెద్దదైనా దాని నడిమధ్యను కంటి ఎత్తుకు తెచ్చుకోవచ్చు. లిఫ్టు టీవీ మాత్రం తన పెట్టె నెత్తి మీదే నిలబడాలి. టీవీ పెరిగితే పెట్టె పెరుగుతుంది, పెట్టె మీద తెర సగం ఎత్తు మళ్లీ పెరుగుతుంది. మాకు తెర మధ్యభాగం ఇప్పుడు 119 సెంటీమీటర్ల దగ్గర ఉంది, 55 అయితే 129 అయ్యేది. అమ్మ కుర్చీలో కూర్చుంటే ఆమె కళ్లు 108 దగ్గర ఉంటాయి. ఏడు గంటల సీరియల్ మొదలుకొని తొమ్మిది వరకు మెడ ఎత్తి చూడటం ఆ వయసులో ఆమెకు కష్టం.

రోజువారీ వాడకం హాయిగానే ఉంది. పూర్తిగా లేవడానికి 25 సెకన్లు పడుతుంది. చప్పుడు సన్నని గుయ్‌మన్న శబ్దం మాత్రమే. లిఫ్టు రిమోటు రేడియో తరంగాలతో పనిచేసేది కాబట్టి చెక్క అడ్డం వచ్చినా పరవాలేదు. సెట్‌టాప్ బాక్సు రిమోటు అలా కాదు, దానికి బాక్సు ఎదురుగా కనిపిస్తేనే పనిచేస్తుంది. పెట్టె పక్క అరలో తలుపు వెనక ఆ బాక్సును పెట్టి, సంకేతాన్ని లోపలికి చేరవేసే చిన్న తీగను బయటికి లాగి అతికించాం. మొదటి వేసవిలో ఆ అరలో వేడెక్కి బాక్సు మాటిమాటికీ ఆగిపోయేది. వెనక చెక్క కోయించి జాలీ వేయించాక సర్దుకుంది. టీవీని మాత్రం లోపలికి దించి ఆన్‌లో ఉంచడం, పాటలకోసమైనా సరే, ఎప్పుడూ చేయకండి.

తీగల విషయంలో ఒక దెబ్బ తిన్నాం. టీవీతో పాటు, బాక్సునుంచి బొమ్మను దానికి చేర్చే హెచ్‌డీఎంఐ తీగ కూడా రోజూ 72 సెంటీమీటర్లు లేచి దిగుతుంది. దాన్ని వేలాడేలా వదిలేశాం. మూడు నెలలకే తెర మీద చుక్కలు మొదలయ్యాయి. చూస్తే లిఫ్టు స్తంభం దగ్గర నలిగి, పైతొడుగు చిట్లి ఉంది. తర్వాత మూడు మీటర్ల తీగ తెచ్చి, గొలుసులా మడతపడే ప్లాస్టిక్ తొడుగులో వేయించాం. ఆ తీగ ఇప్పటికీ పనిచేస్తోంది.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖలో కుండపోత వాన. వార్తల కోసం టీవీ పైకి తెచ్చి చూస్తుండగా కరెంటు పోయింది. కిటికీ సందుల్లోంచి జల్లు కొడుతోంది, దాని ముందే టీవీ నిలబడి ఉంది. దించడానికి లేదు. దుప్పట్లూ ప్లాస్టిక్ పట్టాలూ కప్పి రాత్రంతా కాపలా కాశాం. కరెంటు వచ్చాక కూడా లిఫ్టు ముందు మాట వినలేదు. కింది బటను పట్టుకుని పూర్తిగా అడుగుకు దించితేనే తన కొలతలు మళ్లీ గుర్తుచేసుకుంది. ఆ వారమే లిఫ్టు సాకెట్టును ఇన్వర్టరు లైనుకు కలిపించాను. మోటారు తిరిగేది అర నిమిషం, ఇన్వర్టరుకు అదొక భారం కాదు. కరెంటు పోయే ఊళ్లలో ఈ పని మొదటిరోజే చేయించుకోవాలి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక్కసారి నొక్కితే దానంతటదే దిగిపోయే అమరికను తీయించేయాలి. మా చెల్లెలి కొడుకు నాలుగేళ్లప్పుడు, మూత పడుతుండగా అంచు మీద చేయి వేశాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి బటను నొక్కి పట్టుకున్నంతసేపే కదిలేలా మార్పించాం. వేలు తీస్తే ఆగిపోవాలి.

ఇక రెండో టీవీ సంగతి. 2025 ఆగస్టు చివర్లో పాత టీవీ తెర సగం చీకటైపోయింది. తెర మార్పించే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంది. సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతుందని ప్రకటించడంతో ఆగి, దసరా ముందు దుకాణానికి వెళ్లాం. "49 అంగుళాలది చూపించండి" అంటే అక్కడి కుర్రాడు "ఇప్పుడు 49 రావడం లేదు మేడం, 50 తీసుకోండి, లేదంటే 55" అన్నాడు. మా కొలతకు పుట్టిన సైజే మార్కెట్లో లేకుండా పోయింది. ఆ 50 ఒళ్లు 111.8 వెడల్పు, 65 ఎత్తు. మేస్త్రి చెప్పిన 112 పెట్టి ఉంటే రెండు వైపులా కలిపి రెండు మిల్లీమీటర్ల సందు మిగిలేది. 115 కాబట్టి నెమ్మదిగా కూర్చుంది.

ఓఎల్ఈడీ రకం టీవీ కూడా చూశాం. బొమ్మ చాలా బాగుంది. కానీ పైభాగం వేళ్ల మందం కూడా లేని ఆ గాజును రోజూ లేపి దించడానికి నాకు మనసొప్పలేదు. పైగా మా టీవీ వెనక వెలుతురున్న కిటికీ. పగటిపూట కళ్లు ఆ వెలుగుకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి తెర మసకగా అనిపిస్తుంది. అక్కడ అన్నిటికంటే ముందు కావలసింది కాంతి. అందుకే బాగా వెలుగిచ్చే క్యూఎల్ఈడీ తీసుకున్నాం.

బరువు, వెడల్పు, ఎత్తు, వెనక రంధ్రాల మధ్య దూరం, అన్నీ రాసుకునే వెళ్లాను. టీవీ వెనక నాలుగు బిగింపు రంధ్రాలుంటాయి, వెసా కొలత అంటారు. పాతదానికీ కొత్తదానికీ అడ్డంగా 200, నిలువుగా 200 మిల్లీమీటర్లే. ఇక ఇబ్బంది లేదనుకున్నాను. నేను అడగనిది, ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఆ నాలుగు రంధ్రాలు టీవీ వీపు మీద ఎంత ఎత్తులో ఉన్నాయన్నది. పాత టీవీకి సరిగ్గా నడుమ, అడుగునుంచి 32 సెంటీమీటర్ల దగ్గర ఉండేవి. కొత్తదానికి బాగా కిందికి, 25 దగ్గర ఉన్నాయి. లిఫ్టు మీద టీవీని పట్టుకునే అదే పలకకు బిగిస్తే కొత్త టీవీ ఏడు సెంటీమీటర్లు పైకి జరిగి కూర్చుంటుంది.

బిగించడానికి వచ్చినతను పని ముగించి దించబోతుంటే నేను ఆపి, బటను నా చేతిలోకి తీసుకున్నాను. మరో చేత్తో ఫోను లైటు పట్టుకుని పక్కనుంచి వంగి చూస్తూ కొంచెం కొంచెంగా దించాను. మా పెట్టె మూతను ఎత్తేది టీవీ కాదు, లిఫ్టు పలక మీదినుంచి పైకి వచ్చే ఒక ఇనుప చేయి. దాని చివర చిన్న చక్రం ఉంటుంది. అయిదు కిలోల మూత బరువంతా ఆ చక్రం మీద ఉండాలి. ఆ రోజు చక్రానికీ మూతకీ మధ్య నా వేలు దూరేంత ఖాళీ ఉంది. మూత టీవీ పై అంచు మీద ఆనుకుని ఉంది. అంచు దగ్గర తెర మీద బూడిదరంగు నీడ ఒకటి నెమ్మదిగా పాకుతూ కనిపించింది. వెంటనే పైకి లేపేశాను, నీడ పోయింది. చూడకుండా పూర్తిగా దించి ఉంటే కొత్త టీవీ ఆ సాయంత్రమే పగిలేది.

మర్నాడు కంచరపాలెంలో ఒక వెల్డింగు షాపుకు వెళ్లి అట్టముక్క మీద గీసిన కొలతలు ఇచ్చాను. మూడు మిల్లీమీటర్ల ఇనుప పలకకు రెండు వరుసల రంధ్రాలు వేసి, తుప్పు పట్టకుండా రంగు పూసి 600 రూపాయలకు చేసిచ్చారు. పై వరుస లిఫ్టుకు, ఏడు సెంటీమీటర్ల దిగువన ఉన్న వరుస టీవీకి. అప్పటినుంచి టీవీకీ మూతకీ మధ్య మూడు సెంటీమీటర్లు ఉంది, మూత చక్రం మీదే ఉంది. దుకాణంలో టీవీని వెనక్కి తిప్పించి అడుగునుంచి రంధ్రాల వరకు టేపు పెట్టండి. తిప్పడానికి వాళ్లు విసుక్కున్నా సరే, పెట్టండి.

సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. వాటన్నిటి చోట స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. మొదట్లో స్తంభానికి కుట్టుమిషను నూనె వేస్తే దుమ్ము అంటుకుని కిర్రుమనేది. ఆ నూనెంతా తుడిచి తయారీదారు చెప్పిన గ్రీజు మాత్రమే ఏడాదికోసారి రాస్తున్నాం. పెట్టెకు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడాం, ఇంతవరకు ఎక్కడా ఉబ్బలేదు. లిఫ్టుకు 46 వేలు, పెట్టెకు 38 వేలు అయింది.

పగటిపూట క్రికెట్ చూడాలంటే మాత్రం కొత్త టీవీకి కూడా కర్టెన్లు వేయక తప్పడం లేదు. అమ్మ అప్పుడు కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుని, కర్టెను చివర ఓరగా తెరుచుకుని కూర్చుంటోంది. ఆ మూల మేర వెలుగు తగ్గించే పలుచని పరదా కోసం వెతుకుతున్నాం.