దిశాంక్ యాప్: సైటు కింద ఏ పొలం ఉందో చూసుకోవడానికి

బెంగళూరులో సైటు చూడటానికి వెళ్లిన తెలుగువాళ్లు మొదట అడిగేది ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) ఎ-నా, బి-నా అని, తర్వాత నీళ్ల సంగతి. ఏ సర్వే నంబరన్నది అడ్వాన్సు ఇచ్చాక గాని గుర్తుకురాదు. అది చూపించడానికే కర్ణాటక ప్రభుత్వ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేసిన దిశాంక్ యాప్ ఉంది. ఉచితం. తెలుగు లేదు గానీ కన్నడ అక్షరాలు మనకు సగం చదవొస్తాయి కదా.

పాత గ్రామ నక్షాలను ఉపగ్రహ చిత్రం మీద పరిచారు. సైటులో నిలబడి లొకేషన్ ఆన్ చేస్తే తాలూకా, హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ల గుంపు), గ్రామం, సర్వే నంబరు వస్తాయి. వివరాల్లోకి వెళ్తే సర్నోక్ (సర్వే నంబరు పక్కన ఉండే గుర్తు), హిస్సా (ఆ నంబరులో ఉపవిభాగం) అడుగుతుంది. అవి ఎంచుకుంటే ‘భూమి’ (కర్ణాటక ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డుల వ్యవస్థ)లో ఉన్న యజమాని పేరు, విస్తీర్ణం కనిపిస్తాయి. విస్తీర్ణం సెంట్లలో ఉండదు, ఎకరా, గుంటల్లో ఉంటుంది. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 1,089 చదరపు అడుగులు. 30×40 సైటంటే గుంటకు కాస్త ఎక్కువ. మన లెక్కలో రెండుముప్పావు సెంట్లు, 133 గజాలు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ మీద తెరిస్తే యాప్ సత్తా తెలుస్తుంది. హోసూరు, సర్జాపుర రోడ్ల పేరు పెట్టుకున్న ఈ లేఅవుట్‌కు బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం) తీసుకున్నది బేగూరు హోబళిలోని అగర, హరళుకుంటె లాంటి ఊళ్ల పొలాలు. క్రాసులూ మెయిన్లూ గీత గీసినట్టు ఉంటాయి, కింద పొలం గట్లు మాత్రం వంకర్లు తిరుగుతూ ఎవరో ఒకరి హాల్లోంచి పోతాయి. అగరలో సందులు ఇరుకైన చోటు పాత గ్రామఠాణా, మన గ్రామకంఠం.

అన్నిటికంటే పనికొచ్చేది నీటి పొర. మడివాళ చెరువు పొర్లితే అగరకు, అక్కడినుంచి బెళ్లందూరుకు, వర్తూరుకు, చివరికి దక్షిణ పినాకినికి. ఈ దారిలో ఉన్న రాజకాలువలు (వాననీటి పెద్ద కాలువలు) నక్షాలో కనిపిస్తాయి, నేల మీద చాలాచోట్ల కనిపించవు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు వైపు మునిగింది నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నందుకే. 2015 మాస్టర్ ప్లాన్ చెరువుకు 30 మీటర్లు, కాలువలకు స్థాయిని బట్టి 50, 25, 15 మీటర్లు వదలమంది. యాప్‌లోని కొలత పనిముట్టుతో ఆ దూరం అక్కడికక్కడే చూసుకోవచ్చు.

జనాభా సంగతి యాప్‌లో ఉండదు గానీ రెవెన్యూ సైట్లు (సాగుభూమిని అలాగే ముక్కలు చేసి అమ్మినవి) ఎందుకు పుట్టాయో దాన్నిబట్టే అర్థమవుతుంది. బెంగళూరు నగర జిల్లా 2001లో 65.37 లక్షలు, 2011కి 96.21 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 14 శాతం. 2021 జనగణన వాయిదా పడింది కాబట్టి, బ్రోచర్లలో ఏరియా జనాభా అని వేసే కొత్త అంకెలు ఊహలే. బీడీఏ సైట్లు ఇంతమందికి చాలక, భూమార్పిడి (సాగుభూమిని ఇళ్లకు మార్చే అనుమతి) కూడా లేకుండా పొలాలు ముక్కలయ్యాయి. ఒట్టి భాగహారం చేస్తే ఎకరాకు 36 సైట్లు (30×40). రోడ్లు, పార్కు వదిలితే 20 దాకా మిగులుతాయి. ఎకరాకు 28 చూపించారంటే రోడ్డులో కారు తిరగదు.

ఇక లోపాలు. గొలుసుతో కొలిచి గీసిన నక్షాను ఉపగ్రహ చిత్రానికి అతికిస్తే గీత కొన్ని మీటర్లు జరుగుతుంది. ఫోను జీపీఎస్ తప్పు దానికి తోడు, అపార్టుమెంట్ల మధ్య మరీ. అందుకే సైటు మధ్యలో ఒక్కసారి నొక్కి ఊరుకోకూడదు. నాలుగు మూలలా నొక్కాలి. రెండు నంబర్లు వస్తే రెండింటి కాగితాలూ అడగాలి. హద్దు తేల్చేది మాత్రం సర్వేయరు, టిప్పణి (పాత సర్వే కొలతల చిత్తు పటం). యాప్ స్క్రీన్‌షాట్ ఎక్కడా చెల్లదు. భూసేకరణ అయినా పహణిలో (మన అడంగల్ లాంటిది) పాత రైతు పేరే మిగిలిపోయిన నంబర్లు ఉంటాయి, ఆ పేరు చూసి మోసపోవద్దు.

5కి 3.5 ఇవ్వొచ్చు, మొదటి అరగంట పనికి మాత్రమే. నంబరు దొరికాక ‘భూమి’ వెబ్‌సైటులో పహణి, మ్యుటేషన్లు (యజమాని పేరు మారిన రికార్డులు) తీసి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు ‘కావేరి’లో ఈసీ (ఆస్తి లావాదేవీల జాబితా) తీయాలి. ఆన్‌లైన్‌లో 2004 ఏప్రిల్ నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. పహణి 3వ గడిలో ఖరాబు (సాగుకు పనికిరాని భూమి) విడిగా రాసి ఉంటుంది. అందులో బి ఖరాబు అంటే దారి, కాలువ లాంటి ప్రభుత్వ భూమి. అమ్మకం పత్రంలో విస్తీర్ణం దాన్ని తీసేశాక మిగిలినదా, కలిపినదా చూడాలి. కలిపి ఉంటే ఆ మేరకు కొన్నది కాలువనే.