కొల్లేరు సెలవులకి కొన్న 8×42 బైనాక్యులర్: ఇంటిల్లిపాదీ వాడాక నా రివ్యూ

సీబీఎస్ఈ బడుల్లో మార్చిలో పరీక్షలు అయిపోయాక, కొత్త క్లాసు మొదలయ్యేలోపు పిల్లలకి నాలుగు రోజులు ఖాళీ దొరుకుతుంది కదా, ఆ సెలవులకి అమ్మావాళ్ల ఊరు వెళ్తూ దీన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఊరు కైకలూరు దగ్గర. ఇంటి వెనక గట్టెక్కితే చేపల చెరువులు, వాటి అవతల కొల్లేరు. ఎండ బాగానే ఉంది గానీ ఏప్రిల్ ఎండలా మాడ్చెయ్యలేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, పిల్లలు పొద్దున్నే లేచి గట్టు మీదే ఉన్నారు. బైనాక్యులర్ ధర ఐదు వేల లోపే. బ్రాండ్ పేరు రాయను. ఈ రేటులో దొరికేవి చాలావరకు ఇలాగే ఉంటాయి, పైన పేరు మాత్రం మారుతుంది. పక్షుల ఫొటోలు తీసేవాళ్ల రివ్యూలు బోలెడున్నాయి, కానీ ఒకే బైనాక్యులర్ ఆరేళ్ల పిల్ల చేతి నుంచి డెబ్భై దాటిన తాతయ్య చేతిదాకా తిరిగితే ఏమవుతుందో ఎవరూ రాయలేదు. నేను రాసేది దాని గురించే.

ముందు నంబర్ల గొడవ. 8 అంటే ఎనభై మీటర్ల దూరంలో ఉన్న కొంగ పది మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుందని. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆరేడు వందలకే 60 రెట్లు, 100 రెట్లు అని అమ్మే వాటి జోలికి వెళ్లకండి. ఆ రేటుకి ఆ నంబరు రాదు, ఒకవేళ నిజంగా వచ్చినా చేత్తో పట్టుకుని చూడలేం, ఎందుకంటే బొమ్మతో పాటు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పడవలో కూర్చుని చూడ్డానికి 8 చాలు, 12 అయితే కదిలిపోతుంది. 42ని 8తో భాగిస్తే ఐదుంపావు మిల్లీమీటర్లు, అంత లావు వెలుగు కంట్లోకి వస్తుందన్నమాట. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు దీని విలువ తెలిసింది. మామూలు కంటికి నల్లగా ముద్దలా కనిపించిన గుబురులో గుడ్డికొంగలు వరసగా కూర్చుని ఉన్నాయి.

ఆటపాక పక్షుల కేంద్రం కైకలూరుకి పక్కనే, ఆటోలో వెళ్లిపోవచ్చు. అటవీశాఖ వాళ్ల పడవ ఎక్కి నీళ్ల మధ్యకి వెళ్తే, చెట్లు సరిపోక పక్షుల కోసం వేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) కిక్కిరిసి ఉంటాయి. బైనాక్యులర్ లేకపోయినా కనిపిస్తాయి, కాదనను. కానీ ఎదిగిన పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింద సంచిలోకి దూర్చి చేప లాక్కోవడం, తల్లి విసుక్కుని మెడ విదిలించడం, ఇవి మామూలు కంటికి అందవు. మా వాడు ఈ ఒక్క సీను కోసం దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పెయింటెడ్ స్టార్క్ తోక దగ్గర గులాబీ రంగు ఈకలు చూసి మా చిన్నది "తాతయ్యా, దాని మీద ఎవరో హోలీ ఆడారు" అంది. ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది, నత్తల్ని పట్టుకోడానికి. పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కనిది ఆ సందులోంచి వెలుగు కనిపించేసరికి ఎక్కింది.

ఇక తాతయ్య సంగతి. నాన్నకి చెరువులున్నాయి, చెరువులున్నవాళ్లకి పక్షులంటే అంత ప్రేమ ఉండదు. నీటికాకులు, గూడబాతులు చేపల్ని ఎత్తుకుపోతాయని దారాలు కడతారు, టపాకాయలు కాలుస్తారు. డబ్బా విప్పగానే "కొంగల్ని చూడ్డానికి అద్దాలెందుకమ్మా, కాసేపు కూర్చుంటే నెత్తి మీదకే వస్తాయి" అన్నారు. మర్నాడు తెల్లారకుండానే డాబా మీద ఆ అద్దాలతోనే ఉన్నారు. చెరువులో గాలి తక్కువయ్యేది తెల్లవారుజామునే, అప్పుడు శీలావతులూ బొచ్చెలూ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, అది ముందే కనిపెట్టకపోతే పంట పోయినట్టే. గట్టు చుట్టూ తిరగాల్సిన పని లేకుండా ఆయన డాబా మీద నుంచే దూరపు చెరువు చూసి, కాపలా అబ్బాయికి ఫోన్ చేసి మోటారు వెయ్యమన్నారు. కర్రలకి కట్టిన తవుడు సంచుల దగ్గర నీళ్లు కదులుతున్నాయా లేదా అన్నది కూడా దీంతో తెలిసిపోతోందట. ఇంత వాడకం ఉందని అమ్మే కంపెనీకి కూడా తెలిసి ఉండదు! అమ్మ అయితే దాన్ని వీధివైపు తిప్పి, అవతలి డాబా మీద ఎండబెట్టినవి పిండి వడియాలా గుమ్మడి వడియాలా అన్నది ఒక్క నిమిషంలో తేల్చేసింది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, కొన్ని గట్టివే. రెండు గొట్టాల్నీ ఎంత దగ్గరికి మడిచినా మా చిన్నదాని కళ్లకి సరిపోలేదు. పసిపిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ కదా, దానికి రెండు గుండ్రాలు విడివిడిగా కనిపించి, చివరికి ఒక కన్ను మూసుకునే చూసింది. పైగా బరువు, ముప్పావు కిలోకి కాస్త తక్కువ. ఆరేళ్ల పిల్ల మెడకి తగిలిస్తే రెండు నిమిషాల్లో తీసెయ్యమంటుంది. చిన్నపిల్లల కోసమే అయితే 8×21 లాంటి బుల్లిది చూడండి. కళ్లద్దాలవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పుకోవాలి, లేకపోతే అంచులు నల్లగా పడతాయి. నాన్న మొదట "ఏమీ కనపడట్లేదే" అన్నది దీనికే. కళ్లద్దాలతో వాడేటట్టయితే కొనేముందు ఐ రిలీఫ్ అనే అంకె, అంటే బొమ్మ పూర్తిగా కనిపిస్తూనే కంటిని అద్దానికి ఎంత దూరంలో పెట్టొచ్చో చెప్పేది, 15 మిల్లీమీటర్లకి పైన ఉందో లేదో చూసుకోండి.

కుడి కంటి దగ్గర ఇంకో రింగు ఉంటుంది, దాన్ని డయాప్టర్ అంటారు. దాని గురించి లోపల ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క అర్థమయ్యేలా లేదు. పద్ధతి ఇది: కుడి కన్ను మూసి, దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీద అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేదాకా మధ్య చక్రం తిప్పాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా ఈ రింగు మాత్రమే తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. ఇంట్లో నలుగురు వాడితే నలుగురికీ నాలుగు రకాలు. చేతులు మారినప్పుడల్లా గొడవ అవుతుంటే మా ఆయన రింగు మీద నెయిల్ పాలిష్‌తో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు చుక్క పెట్టేశారు. ఎరుపు నాన్నది, దాని జోలికి ఎవరూ వెళ్లరు.

ఎండలో తెల్ల కొంగ అంచు చుట్టూ సన్నటి ఊదారంగు గీత కనిపిస్తుంది, ఈ ధరలో అది తప్పదు. పది దాటాక మాత్రం నీళ్ల మీద వేడికి గాలి ఆడుతూ దూరపు పక్షులన్నీ వణుకుతున్నట్టు కనిపిస్తాయి. అది బైనాక్యులర్ లోపం కాదు, లక్ష రూపాయలది తెచ్చినా అంతే, కాబట్టి ఆటపాకకి పొద్దున్నే వెళ్లండి లేదా సాయంత్రం వెళ్లండి. సూర్యుడి వైపు తిప్పకూడదని పిల్లలకి చెప్పి ఊరుకుంటే సరిపోదు, సూర్యుడున్న దిక్కుకి ఎదురుగా నిలబడనివ్వకండి, కళ్లు పోతాయి. ఫోనుకి బిగించుకోమని ఉచితంగా ఇచ్చిన ప్లాస్టిక్ బిగింపు దండగ, దాని మీద ఆశ పెట్టుకుని కొనకండి. ముందు మూతలు వదులుగా ఉన్నాయి, ఒకటి పడవలోంచి నీళ్లలోకి పోయింది. మెడ పట్టీ ఒరుసుకుంటుంది, కాటన్ తువ్వాలు చుట్టి వాడాం.

మాకు మొదట వచ్చిన పీసులో ఎంత సరిచేసినా ఒక్క కరెంటు తీగ రెండు తీగలుగా కనిపించింది. లోపలి పట్టకాలు పక్కకి జరిగితే అలా అవుతుందట. అలాంటి దాంతో కాసేపు చూస్తే తలనొప్పి ఖాయం. అమ్మినవాళ్లు ముందు "మీకు అలవాటు లేక అలా ఉంది మేడమ్" అన్నారు, వీడియో పంపాక మార్చారు. డబ్బా రాగానే దూరంగా ఉన్న తీగనో స్తంభం అంచునో చూసి, వాపసు గడువు ఉండగానే తేల్చుకోండి. ఊరికి బయల్దేరే రోజు దాకా అట్టపెట్టెలో ఉంచొద్దు.